కార్డుతో మిషన్లకు తాళం – 4వ పాఠం: ఆపే పని కార్డుకు అప్పగించకండి

మన తాళంలో కార్డు చూపితే కంట్రోలర్ (ప్రోగ్రాం నడిపే చిన్న బోర్డు) తన పిన్ను ద్వారా రిలే అనే చిన్న కరెంటు స్విచ్చును వేస్తుంది. కిందటి పాఠంలో ఆ రిలేకు బల్బు మాత్రమే తగిలించమన్నాను. చాలామంది నేరుగా మోటారే తగిలించారు. విశాఖలో గాజువాక ఆటోనగర్ షెడ్డులో కార్డు తీసేసినా బెంచ్ గ్రైండర్ ఆగలేదట, మెయిన్ దింపాల్సి వచ్చిందట. మధురవాడలో కరెంటు పోయి రాగానే డ్రిల్లింగ్ మిషన్ ఒక్క క్షణం దానంతటదే తిరిగిందట. కాబట్టి ఈసారి రావలసిన, ఎవరి కార్డుకు అనుమతో చెప్పే సభ్యుల జాబితా వచ్చే పాఠానికి వాయిదా.

మొదట గ్రైండర్ సంగతి. ఆ నీలం రిలే మీద 10 ఆంపియర్లు అని ఉన్న మాట నిజమే. అది హీటరు, మామూలు బల్బు లాంటి లోడుకు చెప్పిన లెక్క. సింగిల్ ఫేజ్ 1 హెచ్‌పీ మోటారు తిరిగేటప్పుడు ఆరేడు ఆంపియర్లే తీసుకున్నా, బయలుదేరే క్షణంలో దానికి ఐదారు రెట్లు లాగుతుంది. ఆ నిప్పురవ్వకు కాంటాక్టులు అతుక్కుపోతాయి. పాడైన రిలే మూత కోసి చూడండి, రెండు రేకుల మధ్య కరిగి గట్టిపడిన చుక్క కనిపిస్తుంది. ఇక ప్రోగ్రాం ఎంత ఆపమన్నా అది వినదు.

డ్రిల్లింగ్ మిషన్‌ది మరో రోగం. ఈ చవక రిలే బోర్డుల్లో చాలావాటికి పిన్ను సున్నా వోల్టులకు దిగితే రిలే ఆన్ అవుతుంది. ప్రోగ్రాం మొదలయ్యేలోపు పిన్ను ఎవరి అదుపులోనూ ఉండదు. పిన్నును సున్నాకు దిగకుండా పైకి లాగి ఉంచే 10 కిలో ఓమ్ రెసిస్టరు (పుల్-అప్) పెడితే చాలావరకు తగ్గుతుంది. కానీ మనిషి వేళ్ల భద్రతను ఒక రెసిస్టరుకు వదలను.

రెండింటికీ మందు ఒకటే, కాంటాక్టర్: మోటారు కరెంటును తట్టుకునే పెద్ద స్విచ్చు, తన కాయిల్‌కు కరెంటు అందినంతసేపే పట్టుకుని ఉంటుంది. దాని కాయిల్‌కు వెళ్లే ఫేజ్ వరసగా ఎర్ర పుట్టగొడుగు బటన్ (అత్యవసరంగా ఆపేది), ఓవర్‌లోడ్ రిలే (మోటారు మోతాదు మించి కరెంటు లాగితే తెరుచుకునేది) 95-96 కొసలు, మామూలు స్టాప్ బటన్ దాటాలి. ఆ తర్వాత కార్డు రిలే, పచ్చ (స్టార్ట్) బటన్ ఒకదాని వెనుక ఒకటి. ఈ రెండింటినీ కలిపి దాటేలా కాంటాక్టర్ పట్టుకోగానే మూసుకునే దాని సొంత సహాయక కాంటాక్టు 13-14ను పక్కన కట్టండి; వేలు తీసినా కాయిల్‌కు కరెంటు అందించేది అదే. అక్కడి నుంచి కాయిల్ కొసలు ఏ1, ఏ2, ఆపైన న్యూట్రల్. కొనేటప్పుడు మోటార్లకు చెప్పిన ఏసీ-3 ఆంపియర్ల అంకె చూడండి. పక్కనే పెద్దగా కనిపించే ఏసీ-1 అంకె హీటర్లకు. ఎర్తింగ్ గురించి రాయను. అది లేని షెడ్డులో మిషనే పెట్టకూడదు.

ఇప్పుడు కార్డు చూపితే రిలే 10 సెకన్ల పాటు ఆన్‌లో ఉంటుంది, ఆలోగా పచ్చ బటన్ నొక్కాలి. నాకు ఈ పద్ధతే ఇష్టం. కరెంటు పోతే కాంటాక్టర్ వదిలేస్తుంది, వచ్చినా మళ్లీ పచ్చ బటన్ నొక్కితే తప్ప పట్టుకోదు. మధురవాడ బాధ తీరినట్టే.

“మరి కార్డు తీస్తే మిషన్ ఆగదు కదా?” అని అడుగుతారు. ఆగకూడదు! లేత్ మీద సగం కోతలో ఉండగా గడువు ముగిసిందనో, వైఫై పోయిందనో మోటారు ఆగితే టూలు ఇరుక్కుని విరగవచ్చు. సినిమా టికెట్టు లోపలికి వెళ్లడానికే; బయటికి రావడానికి ఎవరూ అడగరు.

నన్ను బాగా విసిగించేది ఇంకొకటి ఉంది. ఎర్ర బటన్‌ను కంట్రోలర్ పిన్నుకు కలిపి, “నొక్కితే ప్రోగ్రాం ఆపుతుంది” అని ఫోటోలు పంపుతున్నారు. ప్రోగ్రాం బిగుసుకుపోతే? పిన్ను కాలిపోతే? బీచ్ రోడ్డు వైపు షెడ్లలో ఉప్పుగాలికి టెర్మినల్ పచ్చబడి వైరు ఊడిపోతే? ఆ బటన్ నొక్కితే కాయిల్‌కు వెళ్లే కరెంటే తెగాలి. అందుకే మామూలుగా మూసి ఉండే ఎన్‌సీ కాంటాక్టే వాడాలి: వైరు ఊడినా మిషన్ ఆగుతుంది. మామూలుగా తెరిచి ఉండే ఎన్‌ఓ వాడితే వైరు ఊడిన సంగతి ప్రమాదం రోజునే తెలుస్తుంది.

కాంటాక్టర్ కూడా అరుదుగా అతుక్కుంటుంది. దాని ఎన్‌సీ సహాయక కాంటాక్టును తక్కువ వోల్టేజి మీద కంట్రోలర్‌కు చదివించండి. మిషన్ ఆపాక అది మూసుకోకపోతే ఎవరి కార్డుకూ అనుమతి ఇవ్వకూడదు.

అభ్యాసం: 230 వోల్టుల పని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ను పక్కన పెట్టుకునే చేయండి. మోటారు స్థానంలో 100 వాట్ల బల్బు. మెయిన్ దింపి కంట్రోల్ వైర్లలో ఒక్కొక్కటే ఊడదీసి, మెయిన్ వేసి, బల్బు ఏం చేసిందో నోటుపుస్తకంలో రాయండి. 13-14 వైరు ఊడినప్పుడు పచ్చ బటన్ మీది వేలు తీయగానే ఆరాలి. మిగతా ఏది ఊడినా వెలగనే కూడదు. ఆపైన కార్డు రిలే కాంటాక్టు రెండు కొసలను వైరు ముక్కతో కలిపి, అది అతుక్కుపోయినట్టు నటించండి. అప్పుడూ ఎర్ర బటన్‌కు బల్బు ఆరితేనే మోటారు కలపండి.