ఛాన్స్ రాలేదని ఇంగ్లీషులో ఎట్లా చెప్పాలి?

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర చిన్న గదిలో సాయంత్రం పూట స్పోకెన్ ఇంగ్లీష్ చెబుతాను. మొన్న దేవరకొండ నుంచి వచ్చే ఒకమ్మాయి ఇంటర్వ్యూకు పోయి కళ్లనీళ్లతో తిరిగొచ్చింది. డిగ్రీ తర్వాత ఎందుకు చదవలేదని అడిగితే "ఛాన్స్ డిడ్ నాట్ కేమ్" అన్నదట.

తెలుగులో అవకాశం మన దగ్గరికి వస్తుంది. ఇంగ్లీషులో దాన్ని మనం పొందుతాం. అందుకే వాక్యాన్ని 'ఐ'తో మొదలుపెట్టండి: "ఐ డిడ్ నాట్ గెట్ ఎ ఛాన్స్ టు స్టడీ ఫర్దర్". 'టు' తర్వాత 'స్టడీ' అనే ఉండాలి, 'స్టడీడ్' కాదు. అసలు ఎప్పుడూ రాలేదంటే "ఐ నెవర్ గాట్ ది ఛాన్స్". దరఖాస్తులో రాసేటప్పుడు 'ఛాన్స్' బదులు 'ఆపర్చునిటీ' బాగుంటుంది.

ఆఫీసులో ఫైలు చూశావా అని సార్ అడిగితే "నో" అని ఊరుకోకండి. "ఐ హావెంట్ హ్యాడ్ ఎ ఛాన్స్ టు లుక్ ఎట్ ఇట్ యెట్" అనండి. ఇంకా వీలు కాలేదండీ అన్న మర్యాద అందులో ఉంది. "నో ఛాన్స్" అంటే జరగని పని అని. పెద్దవాళ్ల ముందు వద్దు.

"ఐ మిస్డ్ ది ఛాన్స్" అంటే వచ్చినదాన్ని చేజార్చుకున్నానని. ఫీజు కట్టలేక చదువు ఆగిన పిల్లలు ఈ మాట వాడితే నాకు మనసు చివుక్కుమంటుంది. తప్పు వాళ్లది కాదు కదా!

ఆ అమ్మాయితో మొదటి వాక్యం 20 సార్లు పలికించాను. సోమవారం ఇంకో ఇంటర్వ్యూ ఉంది. బస్సులో కూడా అనుకుంటూ పోతానంది.