ఏళ్లుగా కదలని పాత కారుకి తాళం తిప్పేముందు

షెడ్డులో కవరు కింద ఏళ్ల తరబడి ఉండిపోయిన కారు చేతికొస్తే ఎవరికైనా ముందు చేయాలనిపించేది ఒక్కటే, కొత్త బ్యాటరీ తగిలించి తాళం తిప్పి చూడటం. దయచేసి ఆ పని చేయకండి. మా పెదనాన్నగారి మోరిస్ మైనర్‌ని, అంటే ఆయన పాత బ్రిటిష్ కారుని, పన్నెండేళ్ల తర్వాత బయటికి తీసిన రోజు నేను సరిగ్గా అదే చేశాను. ఇంజన్ రెండు చుట్లు తిరిగింది, లోపల టక్కున ఒక చప్పుడు, అంతే. ఒక వాల్వు తుప్పుపట్టి, అది ఆడే గొట్టంలో, అంటే గైడ్‌లో, బిగుసుకుపోయి ఉంది, దాన్ని నెట్టలేక పుష్‌రాడ్ అనే కడ్డీ వంగిపోయింది. ఆయన ఉన్నన్నాళ్లూ ఒక్కరోజు మొరాయించని ఇంజన్ అది. ఆ చప్పుడు నాకింకా చెవిలోనే ఉంది.

ముందు కారేంటో తెలుసుకోండి. ఛాసిస్ ప్లేటు, ఇంజన్ నంబరు, ఒక్కో భాగం మీద పోతపోసిన అంకెలు అన్నీ గుడ్డతో తుడిచి ఫోటో తీసుకోండి, ఆ తర్వాతే స్పానర్ పట్టండి. లూకాస్ అనే బ్రిటిష్ కంపెనీ చేసిన పాత డైనమోలు, ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ల ఒంటి మీద తయారైన నెల, సంవత్సరం చిన్న అంకెల్లో గుద్ది ఉంటాయి. మా కారు డైనమో మీద గ్రీజు గీకితే 3, 58 అని కనిపించాయి, అంటే 1958 మార్చిది. ఆ రెండంకెలు చూసి ఎంతసేపు అలా కూర్చుండిపోయానో చెప్పలేను. అందుకే అంటున్నాను, పనికిరాదనిపించిన పాత భాగాన్ని కూడా కొత్తది బిగించి బండి సరిగ్గా నడిచేదాకా పారేయకండి. కొలతలకు, గుర్తింపుకు అదే ఆధారం.

బోల్టుల దగ్గర బలం చూపించొద్దు. విట్‌వర్త్ అనే పాత బ్రిటిష్ కొలత మరలకి కోణం 55 డిగ్రీలు, తర్వాత వచ్చిన యూనిఫైడ్ కొలత మరలకి 60. ఒక రకం బోల్టుకి ఇంకో రకం నట్టు చేత్తో రెండు చుట్లు ఎక్కినంత మాత్రాన సరిపోయిందనుకుని బిగిస్తే మర చెడుతుంది. ఎంజీ టీసీ, టీడీ అనే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కార్ల ఇంజన్లయితే ఇంకా చిత్రం, మరలు మెట్రిక్, తలలు మాత్రం విట్‌వర్త్ స్పానర్‌కి సరిపోయేవి. ఈ సంగతి తెలియక పాడుచేసిన వాళ్లు ఎందరో.

ఇక ఇంజన్. స్పార్క్ ప్లగ్గులన్నీ విప్పి ఒక్కో సిలిండర్‌లో రెండు చెంచాల ఇంజన్ ఆయిల్ పోసి ఒకట్రెండు రోజులు వదిలేయండి. వాల్వు కవరు తీసి అక్కడా ఆయిల్ వేయండి. తర్వాత గేరు న్యూట్రల్‌లో ఉంచి, ప్లగ్గులు పెట్టకుండానే, కారు ముందు నుంచి దూర్చి ఇంజన్ తిప్పే హ్యాండిల్‌తో మెల్లగా తిప్పుతూ వాల్వులన్నీ పైకీ కిందికీ ఆడుతున్నాయో లేదో కళ్లారా చూడండి. ఎక్కడైనా పట్టేస్తే అక్కడే ఆగిపోండి. తర్వాత ఎప్పుడైనా హ్యాండిల్‌తోనే స్టార్ట్ చేయాల్సి వస్తే బొటనవేలిని హ్యాండిల్ చుట్టూ తిప్పి పట్టుకోకూడదు, మిగతా నాలుగు వేళ్ల పక్కనే ఉంచాలి, కిందికి తొయ్యకుండా పైకి లాగాలి. ఇంజన్ ఎదురుతన్నితే బొటనవేలు, మణికట్టు విరుగుతాయి. 1912 కాడిలాక్‌లో ఎలక్ట్రిక్ స్టార్టర్ వచ్చినప్పుడు జనానికి ఎంత ప్రాణం లేచొచ్చిందో ఒక్కసారి హ్యాండిల్ తన్నినవాడికే తెలుస్తుంది.

పెట్రోల్ సంగతి నాకు అన్నిటికంటే భయం. ట్యాంకులో పాతది వార్నిష్ వాసన కొడుతుంటుంది, దాన్ని మొత్తం తీసేయాల్సిందే. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు కాబట్టి నేల మీద పరుచుకుంటుంది, కారు కింద గొయ్యి ఉంటే అందులో నిలిచిపోతుంది, అందుకే ఈ పని ఆరుబయటే. ఖాళీ ట్యాంకే కదా అని వెల్డింగ్ మాత్రం అసలొద్దు. పెట్రోల్ లేని ట్యాంకులో ఆవిరి ఉంటుంది, పేలేది ఆ ఆవిరే. పెట్రోల్ వచ్చే రబ్బరు పైపుని వేలితో వంచి చూడండి, మా కారుది వంచగానే సన్నగా పగుళ్లు విచ్చుకుని లోపలి నల్లపొడి వేలికి అంటింది. ఇథనాల్ కలిసిన పెట్రోల్ పాత రబ్బరుని ఇంకా త్వరగా తినేస్తుంది, దాన్ని తట్టుకునే పైపులే వేయండి. ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చేతికందే దూరంలో ఉండాలి.

బ్యాటరీ కలిపేముందు ఎర్త్ ఏదో, అంటే బ్యాటరీ ఏ కొన బాడీకి కలుస్తుందో చూడండి. 1960ల చివరి దాకా చాలా బ్రిటిష్ కార్లకి పాజిటివ్ ఎర్త్. అలవాటు ప్రకారం నెగెటివ్‌ని బాడీకి తగిలిస్తే రేడియోలాంటివి కాలిపోతాయి. పైగా ఆ కార్లలో చాలావాటికి ఉండేవి రెండే ఫ్యూజులు, బోలెడు వైర్లకి ఏ రక్షణా లేదు. అందుకని మొదటిసారి కలిపేటప్పుడు బ్యాటరీ వైరుకి మధ్యలో ఒక హెడ్‌లైట్ బల్బు పెట్టండి. స్విచ్చులన్నీ ఆపి ఉన్నా బల్బు గట్టిగా వెలిగిందంటే ఎక్కడో షార్ట్ ఉన్నట్టే. టెన్షన్ పడకుండా వెతుక్కోవచ్చు, వైర్లు కాలవు.

బ్రేకులు బాగుపడేదాకా బండి కదిలించొద్దు, ఇంజన్ ఎంత తియ్యగా పాడినా సరే. పాత కార్లలో చాలావాటికి ఒకటే బ్రేక్ లైను, ఒక్కచోట కారితే నాలుగు చక్రాలకీ పోతుంది, పెడల్ నేలకి తగులుతుంది. మైనర్‌లో పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ని తోసే మాస్టర్ సిలిండర్ డ్రైవర్ కాళ్ల కిందే కార్పెట్ అడుగున ఉంటుంది, కారుతున్నా కంటపడదు. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ తేమని పీల్చుకుంటుంది కాబట్టి పాతదంతా తీసేయాలి. సిలికాన్ రకమైన డాట్ 5ని దాంతో కలపకూడదు. సిట్రొయెన్ డీఎస్ అనే ఫ్రెంచ్ కారు అయితే తొలినాళ్ల వాటికి ఎర్ర ద్రవం, 1960ల రెండో సగం నుంచి ఆకుపచ్చది, ఒకదానికి బదులు ఇంకోటి పోస్తే సీళ్లన్నీ నాశనం. చక్రం దగ్గరి బ్రేక్ డ్రమ్ము విప్పినప్పుడు లోపలి బూడిదరంగు దుమ్ముని ఊదొద్దు, గాలి కొట్టొద్దు. పాత బ్రేక్ లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది, అది ఊపిరితిత్తుల్లోకి వెళితే దశాబ్దాల తర్వాత కూడా క్యాన్సర్ తెస్తుంది. సరైన మాస్కు పెట్టుకుని, దుమ్ముని బాగా తడిపి, తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డని మూటగట్టేయండి. పాత పెయింటులో సీసం ఉంటుంది కాబట్టి దాన్నీ పొడిగా రుద్దకండి.

జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందకి దూరకండి, కింద స్టాండ్లు ఉండాల్సిందే. స్టాండ్ పెట్టే చోట స్క్రూడ్రైవర్ పిడితో కొట్టి చూడండి, తుప్పు తిన్న ఇనుము డబడబలాడుతుంది. టైర్ల గీతలు చూసి మోసపోవద్దు, పక్కగోడ మీద DOT కోడ్‌లో చివరి నాలుగంకెలు చూడండి, 2309 అంటే 2009లో 23వ వారం. మూడంకెలే ఉంటే అది 2000కి ముందుది, కొత్త టైరు కొనాల్సిందే.

ఇవన్నీ అయ్యాక బ్రేక్ పెడల్‌ని ఒక నిమిషం గట్టిగా తొక్కి పట్టండి. అది కొంచెం కిందికి జారినా సరే, ఆ రోజు బండి బయటికి తీయొద్దు.