గ్రీకు ధాతువులతో ఇంగ్లిష్ మాటలు – 4వ పాఠం: దవాఖాన బోర్డు చదవడం

ముందు పోయిన పాఠంలో 'హైడ్రో' మాటలు విడదీయమన్న అభ్యాసానికి జవాబులు. 'హైడ్రో' అంటే నీరు కాబట్టి నాగార్జునసాగర్ 'హైడల్' కరెంటు నీటి నుంచి పుట్టేది. 'హైడ్రోఫోబియా' అంటే నీళ్లంటే భయం, పిచ్చికుక్క కాటు జబ్బుకు పాత పేరు. 'డీహైడ్రేషన్' మొదట్లో ఉన్న 'డీ' గ్రీకు కాదు, లాటిన్. దాన్ని గ్రీకు పట్టికలో రాసుకున్నవాళ్లు కొట్టేయండి.

ఈసారి నల్లగొండలోనో పాలమూరులోనో పెద్ద దవాఖానకు వెళ్తే ఓపీ బోర్డు మీద, రిపోర్టుల్లో కనిపించే మాటలు. వీటిని ముందు నుంచి కాదు, వెనక నుంచి చదవాలి. చివరి ముక్క ఏం జరుగుతోందో చెబుతుంది, మొదటి ముక్క ఏ అవయవమో చెబుతుంది. 'ఐటిస్' అంటే వాపు. 'ఆల్జియా' నొప్పి, 'ఎక్టమీ' కోసి తీసేయడం, 'స్కోపీ' లోపలికి చూడటం. 'ఓసిస్' అంటే జబ్బు స్థితి.

ఇప్పుడు 'గాస్టర్' తీసుకోండి, అంటే పొట్ట. గాస్ట్రైటిస్, గాస్ట్రెక్టమీ, గాస్ట్రోస్కోపీ. మూడోదాంట్లోనే మధ్యలో 'ఓ' ఎందుకొచ్చింది? చివరి ముక్క హల్లుతో మొదలైతే రెంటినీ అతకడానికి 'ఓ' కావాలి. అచ్చుతో మొదలైతే అక్కర్లేదు. 'గాస్ట్రోఐటిస్' అని రాస్తే తప్పయ్యేది అందుకే. అయితే రెండు అవయవాల పేర్లు పక్కపక్కన వస్తే, రెండోది అచ్చుతో మొదలైనా 'ఓ' ఉండిపోతుంది. గాస్ట్రో, ఎంటరాన్ (పేగు), ఐటిస్ కలిస్తే గాస్ట్రోఎంటరైటిస్. ఎముక, కీలు, వాపు కలిస్తే ఆస్టియోఆర్థ్రైటిస్. ఈ అతుకులు తెలుగు లిపిలో సరిగ్గా కనిపించవు. నోట్‌బుక్కులో ఇంగ్లిష్ అక్షరాల్లోనే రాసి, ముక్కకూ ముక్కకూ మధ్య నిలువు గీత పెట్టండి.

అవయవాల పేర్లు బట్టీ పట్టే ముందు ఒక మాట. సంస్కృతం, గ్రీకు ఒకే మూలం నుంచి వచ్చిన భాషలు. మన తెలుగులో వాడే తత్సమాల్లో చాలావాటికి గ్రీకులో దగ్గరి చుట్టాలున్నాయి. 'ఆస్టియాన్' మన అస్థి, 'ఒడాంట్' దంతం, 'పోద్' పాదం. సంస్కృతంలో మొదట 'స' ఉన్నచోట గ్రీకులో తరచూ 'హ' వస్తుంది: సప్త 'హెప్టా' అయింది, సమ 'హోమో' అయింది. ఇంగ్లిష్ మీడియంలో చదివినవాళ్ల కంటే తెలుగు మీడియం పిల్లలకు ఇది పెద్ద సౌకర్యం. వాడుకోకుండా వదిలేయడం అన్యాయం.

ఈ చుట్టరికం అన్నిటికంటే ఎక్కువ అక్కరకొచ్చేది 'హైపర్', 'హైపో' దగ్గర. చెవికి రెండూ ఒకేలా వినిపిస్తాయి, అర్థాలు మాత్రం ఎదురెదురు. 'హైపర్' మన 'ఉపరి', పైన. ఉపరితలం యాదికి తెచ్చుకోండి. 'హైపో' మన 'ఉప', కింద. ఉపనది, ఉపశాఖ లాగా. 'గ్లైక్' తీపి, 'ఎమియా' రక్తంలో ఉండే స్థితి. కాబట్టి హైపర్‌గ్లైసీమియా అంటే రక్తంలో షుగర్ పెరగడం, హైపోగ్లైసీమియా అంటే పడిపోవడం, అంటే డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల లోపు. షుగర్ పడిపోయి చెమటలు పట్టి వణుకుతున్న మనిషి స్పృహలో ఉంటే వెంటనే తీపి ఇవ్వాలి. షుగర్ పడిపోయినప్పుడు ఇచ్చే ఈ తీపిని పెరిగినప్పుడు ఇస్తే ఇంకా పెరుగుతుంది. నర్సింగ్, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సుల వాళ్లు ఈ జంటను తడుముకోకుండా చెప్పగలిగేదాకా ముందుకు పోవద్దు.

ఇంకో ఉచ్చు 'పెడ్'. పీడియాట్రిక్స్‌లో ఉన్నది గ్రీకు 'పైద్', పిల్లలు. సైకిల్ పెడల్‌లో ఉన్నది లాటిన్ 'పెడ్', పాదం. మరి ఆర్థోపెడిక్స్? ఎముకల విభాగం కదా అని 'ఆర్థో' అంటే ఎముక అనుకుంటారు. కాదు. 'ఆర్థో' అంటే నిటారు, 'పెడ్' ఇక్కడా గ్రీకు పిల్లలే. పిల్లల ఒంటి వంకరలు సరిచేయడం గురించి ఫ్రెంచ్ వైద్యుడు నికొలా ఆంద్రీ 1741లో ఈ పేరు పెట్టాడు. పెద్దల ఎముకలకూ తర్వాత అదే స్థిరపడింది.

ఇక మన నల్లగొండ జిల్లాకు తగులుకున్న మాట, ఫ్లోరోసిస్, అంటే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బు. మర్రిగూడ, మునుగోడు వైపు బోరునీళ్లు తాగి గారపట్టిన పళ్లు, వంగిపోయిన కాళ్లు చూసినవాళ్లకు దీని అర్థం చెప్పక్కర్లేదు. నిర్మాణం మాత్రం చూడండి. చివరి 'ఓసిస్' గ్రీకు, ముందున్న 'ఫ్లోర్' లాటిన్, 'పారడం'. లోహాలు కరిగించేటప్పుడు కరుగు బాగా పారాలని వేసే ఖనిజం నుంచి ఆ పేరొచ్చింది. ఇలా రెండు భాషలు కలిసిన మాటలు చాలానే తగులుతాయి. 'స్కెలెటల్ ఫ్లోరోసిస్'లో మొదటి మాట మళ్లీ గ్రీకే: 'స్కెలెటాస్' అంటే ఎండిపోయినది.

అభ్యాసం: న్యూరాల్జియా, ఆర్థ్రోస్కోపీ, పెరికార్డైటిస్, హైపోథెర్మియా. గీతలు పెట్టి విడదీసి, 'ఓ' ఎక్కడ వచ్చిందో, ఎందుకొచ్చిందో పక్కన రాయండి. ఆధారాలు: 'న్యూరో' నరం, 'కార్డియా' గుండె, 'థెర్మ్' వేడి. 'పెరి' మన 'పరి'.