ఎడిన్‌బరోలో వంగ పూత నిలిచింది

స్కాట్లాండ్‌లో వేసవి రాత్రులు కూడా 10, 12 డిగ్రీలకు పడిపోతాయి. వంగకు అది సరిపడదు. రాత్రి 15 కంటే తగ్గితే పూత నిలవడం కష్టం. ఇటుక గోడకు ఆనుకుని ఉన్న మా చిన్న గ్లాస్‌హౌస్‌లో మొక్కలు ఏపుగా పెరిగాయి, విరగబూశాయి కూడా. పిందె మాత్రం కట్టలేదు. తొడిమ పసుపు తిరిగి, ముట్టుకుంటే పువ్వు చేతిలోకి వచ్చేసేది.

ముందు కుండీలను నేల మీంచి తీసి, గోడ పక్కన బల్ల మీద పెట్టాను. సాయంత్రమే తలుపులు మూసి, రాత్రికి గార్డెన్ ఫ్లీస్ (మొక్కలకు చలి తగలకుండా కప్పే పలచని బట్ట) కప్పాను.

అసలు కీలకం ఇంకోటి. వంగ పువ్వు మధ్యలో పసుపు గొట్టాలు ఉంటాయి కదా, వాటి కొసన ఉన్న సన్న రంధ్రాల్లోంచి పుప్పొడి రాలాలి. అందుకు గాలి ఊపో, తుమ్మెద ఝుంకారమో కావాలి. అద్దాల లోపల రెండూ లేవు. అందుకే మధ్యాహ్నం పువ్వు పొడిగా ఉన్నప్పుడు ఎలక్ట్రిక్ టూత్‌బ్రష్ వెనకవైపు కాడకు ఆనించి ఒక్క క్షణం ఆన్ చేశాను. లేత పసుపు పొడి రాలడం కంటికి కనిపిస్తుంది, ఎంత సంతోషమో!

పిందెలు నిలిచాయి. మొక్కకు ఐదారు కాయలు ఉంచి మిగతావి గిల్లేయండి, ఈ చలిలో అంతకంటే మోయలేదు. విత్తనాలు మాత్రం ఫిబ్రవరిలోనే ఇంట్లో వెచ్చని చోట వేసుకోవాలి.