పిల్లలకు ఫిట్స్ వచ్చినప్పుడు ఏం చూడాలి, ఏం చేయాలి

బిడ్డకు ఫిట్స్ వచ్చిన ఆ రెండు మూడు నిమిషాలను వైద్యుడు చూడడం అరుదు. చూసేది ఇంట్లోవాళ్లే కనుక, వారు చెప్పే వివరమే రోగనిర్ధారణకు పునాది అవుతుంది.

కాళ్లూ చేతులూ కొట్టుకోవడం మొదలవగానే ముందుగా గడియారం చూడండి. బిడ్డను నేలమీద ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల కింద మెత్తటి బట్ట పెట్టి, మెడ దగ్గర బిగుతుగా ఉన్న గుండీలు విప్పండి. అలా పడుకోబెడితే చొంగ, వాంతి గొంతులోకి పోకుండా బయటికి వచ్చేస్తాయి. నాలుక మింగేస్తారన్న భయంతో నోట్లో చెంచా గాని వేలు గాని పెట్టవద్దు. నాలుకను ఎవరూ మింగలేరు, చెంచా వల్ల మాత్రం పళ్లు విరుగుతాయి. పూర్తిగా తెలివి వచ్చేదాకా నీళ్లు తాగించకూడదు. ఫిట్స్ చాలావరకు వాటంతట అవే ఆగిపోతాయి. 5 నిమిషాలు దాటినా, తెలివి రాకముందే మరొకటి మొదలైనా, ఊపిరి సరిగా ఆడకపోయినా, ఇదే మొదటిసారైనా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ఫిట్‌ను ఆపే మిడజోలం ముక్కు స్ప్రేను వైద్యుడు ముందే రాసి ఇచ్చి ఉంటే, ఆయన చెప్పిన మోతాదులో, చెప్పిన సమయానికి వాడాలి.

బిడ్డ కుదుటపడ్డాక చూసినదంతా కాగితం మీద రాయండి: ఏ వైపు మొదలైంది, కళ్లు ఎటు తిరిగాయి, జ్వరం ఉందా, ఎంతసేపటికి మాట్లాడింది. పక్కన మరొకరుంటే ఫోన్‌లో వీడియో తీయించడం ఇంకా మంచిది.

అన్ని ఫిట్స్‌లోనూ ఒళ్లు కొట్టుకోదు. అక్షరాలు రాస్తున్న పాప కలం మధ్యలో ఆగిపోతుంది, చూపు నిలిచిపోతుంది, పిలిచినా పలకదు. పది సెకన్ల తరువాత ఏమీ జరగనట్టే రాయడం కొనసాగిస్తుంది. ఇది ఆబ్సెన్స్ సీజర్ కావచ్చు. ఇలాంటి పిల్లలు పరధ్యానం పేరిట తిట్లు తినడం నాకు చాలా బాధ కలిగించే విషయం. ఏడాదిలోపు పసిబిడ్డ నిద్ర లేవగానే తల ముందుకు వాలుస్తూ, చేతులు ఒక్కసారిగా చాపుతూ వరుసగా ఉలిక్కిపడుతుంటే అది ఇన్‌ఫంటైల్ స్పాజమ్స్ కావచ్చు. చికిత్స ఆలస్యమైతే ఎదుగుదల దెబ్బతింటుంది కనుక ఒక్క రోజు కూడా ఆగకూడదు.

ఫిట్ వచ్చినంత మాత్రాన మూర్ఛవ్యాధి అనుకోనక్కరలేదు. 6 నెలల నుంచి 5 ఏళ్ల లోపు పిల్లల్లో జ్వరంతో వచ్చే ఫిట్స్ చాలావరకు వయసుతోపాటు పోతాయి. జ్వరం వంటి తక్షణ కారణమేదీ లేకుండా, 24 గంటలకు మించిన ఎడంతో రెండుసార్లు వస్తే సాధారణంగా మూర్ఛగా నిర్ధారిస్తారు. మెదడులోని విద్యుత్ తరంగాలను నమోదు చేసే ఈఈజీ పరీక్ష మామూలుగా వచ్చినా మూర్ఛ లేదని తేల్చలేము. అక్కడ మీ కాగితమే అక్కరకు వస్తుంది.

మందు ఎంపిక ఫిట్ రకాన్ని బట్టి ఉంటుంది. మెదడులో ఒకచోట మొదలయ్యే ఫిట్స్‌కు పనిచేసే కార్బమజెపైన్ అనే మందు ఆబ్సెన్స్ రకాన్ని ఎక్కువ చేయగలదు. సుమారు 70 శాతం మందికి మందులతోనే అదుపులోకి వస్తుంది. అయితే ఫిట్స్ రావడం లేదు కదా అని మీ అంతట మీరు మందు ఆపడం ప్రమాదకరం. సాధారణంగా 2 ఏళ్లు ఫిట్స్ లేకుండా గడిచాక వైద్యుడే ఆలోచించి క్రమంగా తగ్గిస్తారు. బిడ్డ బరువు పెరిగినకొద్దీ మోతాదు మార్చవలసి రావచ్చు. సరిగా ఎంచిన రెండు మందులు వాడినా ఆగకపోతే శస్త్రచికిత్స, కీటోజెనిక్ ఆహారం (కొవ్వు ఎక్కువగా, పిండిపదార్థాలు బాగా తక్కువగా ఉండేది) వంటి దారుల గురించి నిపుణులను అడగాలి.

బడిలో టీచరుకు ప్రథమ చికిత్స చెప్పి ఉంచండి. ఆటలు మాన్పించవద్దు; స్నానాల తొట్టిలో, ఈత కొలనులో మాత్రం పెద్దవారు చేతికందే దూరంలో ఉండాలి.