ఫోన్ అప్‌డేట్ వచ్చిందా? వెంటనే నొక్కకండి

కొత్త వెర్షన్ నోటిఫికేషన్ కనబడగానే ఇన్‌స్టాల్ నొక్కకండి, ఓ రెండు వారాలు ఆగండి. 2023లో ఐఫోన్ 15లు వేడెక్కుతున్నాయని గోల అయితే, ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 17లోని బగ్ (లోపం) కూడా ఓ కారణమేనని ఒప్పుకొని, దాన్ని సరిచేసే 17.0.3 అప్‌డేట్‌ను యాపిల్ ఇచ్చింది. ఫోన్ భద్రతా లోపాలను సరిచేసే సెక్యూరిటీ ప్యాచ్‌లు మాత్రం ఆపొద్దు, మన డబ్బులన్నీ ఫోన్‌లోనే ఉన్నాయి కదా.

ముందు ఫోటోలు, వాట్సాప్ చాట్లు బ్యాకప్ చేసి, స్టోరేజ్ ఖాళీ ఉందో లేదో చూసుకొని, ఛార్జింగ్ పెట్టి రాత్రిపూట వైఫై మీద వేయండి. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర దుకాణం నడిపేవాళ్లయితే గిరాకీ వేళ అస్సలు పెట్టొద్దు, ఫోన్ మళ్లీ ఆన్ అయ్యేదాకా ఫోన్‌పే తెరుచుకోక ఒకటే టెన్షన్.

అయ్యాక ఒకట్రెండు రోజులు బ్యాటరీ తొందరగా దిగిపోతుంది, భయపడకండి, వెనకాల ఫోన్ అన్నీ సర్దుకుంటుంటుంది. అప్పటికీ తగ్గకపోతే యాప్‌లు అప్‌డేట్ చేసి, సెట్టింగ్స్‌లో బ్యాటరీ తెరిచి ఏ యాప్ ఎక్కువ తింటుందో చూడండి. బ్యాకప్ లేకుండా, ఫోన్‌లో ఉన్నదంతా చెరిపేసే ఫ్యాక్టరీ రీసెట్ జోలికి పోవద్దు.