అమెరికా దస్తావేజులో నేల చిరునామా చదవడం ఎలా

ఇల్లినాయిస్‌లోనో ఇండియానాలోనో మిషిగన్‌లోనో ఇల్లు కొన్నవాళ్ల దస్తావేజులో వీధి పేరు, ఇంటి నంబరు కాక ఇంకో చిరునామా ఉంటుంది. ‘లీగల్ డిస్క్రిప్షన్’ అన్న మాట కింద కనిపించే ముక్క అది. చాలామంది దాన్ని చదవకుండానే సంతకం పెట్టేస్తారు. ఉదాహరణకు:

“నార్త్‌వెస్ట్ క్వార్టర్ ఆఫ్ ద సౌత్‌ఈస్ట్ క్వార్టర్ ఆఫ్ సెక్షన్ 16, టౌన్‌షిప్ 38 నార్త్, రేంజ్ 9 ఈస్ట్ ఆఫ్ ద థర్డ్ ప్రిన్సిపల్ మెరిడియన్.”

చికాగోకు పడమర నేపర్‌విల్ ప్రాంతంలో 40 ఎకరాల చెక్క ఇది. చట్టం లెక్కలో నేలను పట్టిచ్చేది వీధి పేరు కాదు, ఈ వాక్యమే. 1783 పారిస్ ఒప్పందంతో మిసిసిపీ నది దాకా కాగితం మీద హక్కు వచ్చిన కొత్త దేశం ఆ నేలను ఎలా కొలిచిందో, ఎలా అమ్మిందో, ఎలా రాష్ట్రాలు చేసిందో కూడా ఇందులోంచే రాబట్టవచ్చు.

ఇంగ్లీషులో ఈ వాక్యం చిన్న ముక్కతో మొదలై పెద్దదాంతో ముగుస్తుంది. అందుకే వెనక నుంచి చదవాలి. తెలుగులో చెప్పుకుంటే ఆ ఇబ్బందే లేదు: మూడో ప్రధాన రేఖాంశానికి తూర్పున 9వ రేంజిలో, 38వ ఉత్తర టౌన్‌షిప్‌లో, 16వ సెక్షన్‌లో, ఆగ్నేయపు పావులో, వాయవ్యపు పావు. ప్రధాన రేఖాంశం అంటే కొలత మొదలయ్యే ఉత్తర దక్షిణ గీత. టౌన్‌షిప్ ఆరు మైళ్ల భుజం ఉన్న చదరం, రేంజి ఆ చదరాల నిలువు వరస, సెక్షన్ ఒక చదరపు మైలు. మన మాటల వరసే ఇక్కడ కావలసిన వరస. కాబట్టి మొదట చేయాల్సిన పని, మీ దస్తావేజులోని వాక్యాన్ని ఇలా తెలుగులోకి తిప్పి ఒక కాగితం మీద రాసుకోవడం.

ముందు రాష్ట్రం చూసుకోండి

నేలను గళ్లుగా కొలిచే ఈ పద్ధతి 30 రాష్ట్రాల్లోనే ఉంది. మొదటి 13 రాష్ట్రాల్లోనూ, కెంటకీ, టెనెసీల్లోనూ హద్దులు మన చెక్కుబందీలాగే రాశారు. తూర్పున ఫలానావారి పొలం, దక్షిణాన డొంక, పడమర వాగు అన్నట్టు చెట్టుకీ బండకీ ముడిపెట్టిన హద్దులవి. చెట్టు పడిపోయినా, వాగు దారి మారినా తగాదాయే. కెంటకీలో ఒకే నేల మీద ఇద్దరు ముగ్గురికి హక్కు కాగితాలు ఉండేవి. అబ్రహాం లింకన్ తండ్రి థామస్ 1816లో కెంటకీ వదిలి ఇండియానాకు వెళ్లడానికి ముఖ్య కారణం ఈ హక్కుల గొడవే. ఇండియానాలో నేలను ప్రభుత్వం ముందే కొలిచి అమ్మింది.

టెక్సస్‌ది వేరే దారి. 1845లో యూనియన్‌లో చేరేటప్పుడు తన ప్రభుత్వ భూములు తనకే ఉంచుకుంది. కాబట్టి డాలస్ దగ్గరి ఫ్రిస్కో, ప్లేనో దస్తావేజుల్లో సెక్షన్, రేంజి వెతక్కండి. అక్కడ మొదట నేల పొందినవారి పేరున ఉన్న సర్వే, దాని ఆబ్‌స్ట్రాక్ట్ నంబరు ఉంటాయి. ఒహాయోలో ఇంకా జాగ్రత్త కావాలి. ఈశాన్యాన కనెటికట్ తన కోసం మిగుల్చుకున్న వెస్టర్న్ రిజర్వ్‌లో టౌన్‌షిప్ భుజం 6 మైళ్లు కాదు, 5 మైళ్లు. కొలంబస్ దగ్గర సియోటో నదికి పడమటి వైపు వర్జీనియా తన సైనికుల కోసం ఉంచుకున్న ప్రాంతం, అక్కడ మళ్లీ చెక్కుబందీయే. నది ఒక ఒడ్డున గళ్లు, రెండో ఒడ్డున వంకరటింకర హద్దులు.

గొలుసు లెక్క

సర్వేయర్లు వాడింది 66 అడుగుల గొలుసు, అందులో 100 లింకులు. 80 గొలుసులు ఒక మైలు, 10 చదరపు గొలుసులు ఒక ఎకరం. మన కొలతలు కూడా ఈ గొలుసుకి సరిగ్గా అతుకుతాయి. చదరపు గొలుసులో పావు భాగం తెలంగాణ గుంట, అంటే 33 అడుగులకు 33 అడుగులు, 121 గజాలు. పదో భాగం ఆంధ్ర సెంటు, అంటే 48.4 గజాలు. 40 గుంటలన్నా 100 సెంట్లన్నా అదే ఎకరం, అదే 4,840 గజాలు. అమెరికా ఎకరానికి వేరే మార్పిడి పట్టిక అక్కర్లేదు.

కాగితం మీద గీయడం

ఏ4 కాగితం మీద 18 సెంటీమీటర్ల చదరం గీసి అడ్డంగా ఆరు, నిలువుగా ఆరు గళ్లు చేయండి. ఒక్కో గడి 3 సెంటీమీటర్లు వస్తుంది, అది ఒక మైలు. మొత్తం చదరం ఒక టౌన్‌షిప్, ఒక్కో గడి 640 ఎకరాల సెక్షన్.

నంబర్లు ఈశాన్య మూలలో 1తో మొదలవుతాయి. పడమరకు నడిచి వాయవ్య మూలలో 6, దాని కిందే 7, అక్కణ్నుంచి తూర్పుకు తిరిగి 12, దాని కింద 13, మళ్లీ పడమరకు. సాలు చివర మడక తిప్పుకుని వచ్చినట్టు వస్తూ ఆగ్నేయ మూలలో 36తో ఆగుతాయి. ప్రతి వరసనీ ఒకే వైపు నుంచి మొదలుపెట్టడమే అందరూ చేసే తప్పు. సరిచూసుకోవడానికి ఒక గుర్తు: నడిబొడ్డున ఉండే నాలుగు గళ్లు 15, 16, 21, 22 కావాలి.

16 పై నుంచి మూడో వరసలో, పడమటి నుంచి మూడో గడి. దాన్ని నాలుగు పావులు చేస్తే ఒక్కోటి 160 ఎకరాలు, కాగితం మీద ఒకటిన్నర సెంటీమీటర్లు. ఆగ్నేయపు పావుని మళ్లీ నాలుగు చేసి వాయవ్యపు ముక్కకి రంగు వేయండి. అది 40 ఎకరాలు, భుజం 20 గొలుసులు, అంటే 1,320 అడుగులు.

టౌన్‌షిప్ ఎక్కడుందో తెలియాలంటే నంబరులో ఒకటి తీసేసి 6తో గుణించాలి. 38వ ఉత్తర టౌన్‌షిప్ దక్షిణపు అంచు ఆధార రేఖకు (టౌన్‌షిప్‌ల లెక్క మొదలయ్యే తూర్పు పడమర గీతకు) 37 ఆర్లు 222 మైళ్ల ఉత్తరాన ఉంటుంది. 9వ రేంజి పడమటి అంచు ప్రధాన రేఖాంశానికి 48 మైళ్ల తూర్పున ఉంటుంది. మూడో ప్రధాన రేఖాంశం ఒహాయో నది మిసిసిపీలో కలిసే చోట మొదలై ఉత్తరానికి సాగుతుంది. దాని ఆధార రేఖ సెంట్రేలియా ఊరి దగ్గర, సుమారు 38 డిగ్రీల 28 నిమిషాల అక్షాంశం మీద ఉంది.

రేఖాంశం పేరు వదిలేస్తే చిరునామా పనికిరాదు. దేశంలో ఇలాంటివి ముప్పైకి పైగా ఉన్నాయి, 2వ ఉత్తర టౌన్‌షిప్, 3వ పడమటి రేంజి లాంటి జంట వాటిలో చాలావాటి కింద ఉంటుంది. లూసియానా కొనుగోలులో 1803లో ఫ్రాన్స్ నుంచి ఒకటిన్నర కోట్ల డాలర్లకు వచ్చిన నేలలో ఆర్కన్సా, మిస్సోరీ, అయోవాల లెక్క ఐదో ప్రధాన రేఖాంశం కింద సాగుతుంది. అది 1815లో ఆర్కన్సాలోని ఒక చిత్తడి నేలలో మొదలైంది. 1812 యుద్ధంలో పనిచేసిన సైనికులకు ఇవ్వాల్సిన భూములు కొలవడం దాని మొదటి పని.

తప్పులు ఎక్కడ పడతాయి

‘ఆఫ్’కీ ‘అండ్’కీ తేడా అన్నిటికంటే ఖరీదైనది. ఆగ్నేయపు పావులో వాయవ్యపు పావు అంటే 40 ఎకరాలు. ఆగ్నేయపు పావు, వాయవ్యపు పావు అంటే 320. ఒక్క మాటకి ఎనిమిది రెట్లు. పాత దస్తావేజుల నకళ్లలో ‘ఆఫ్’ పోయి కామా మిగలడం జరుగుతుంది. కాబట్టి పక్కన రాసిన ఎకరాలతో ప్రతిసారీ సరిచూడండి.

640 అన్నది కూడా పేరుకే. రేఖాంశాలు ఉత్తరానికి పోయేకొద్దీ దగ్గరవుతాయి కాబట్టి నేపర్‌విల్ అక్షాంశం దగ్గర టౌన్‌షిప్ ఉత్తరపు అంచు దక్షిణపు అంచు కంటే సుమారు 43 అడుగులు తక్కువ. ఈ తరుగునీ, కొలతల్లో వచ్చిన హెచ్చుతగ్గుల్నీ ఉత్తరపు వరసలోని 1 నుంచి 6 సెక్షన్లలోకి, పడమటి వరసలోని 6, 7, 18, 19, 30, 31 సెక్షన్లలోకి నెట్టేశారు. అక్కడ పావులకు బదులు ‘గవర్నమెంట్ లాట్’ అని నంబర్లు కనిపిస్తే ఎకరాలు మీరు లెక్కగట్టకండి, సర్వే పటం మీద రాసిన అంకెనే తీసుకోండి. 6వ సెక్షన్‌కి రెండు వైపుల తరుగూ తగులుతుంది.

జీపీఎస్‌తో కొలిచి పాత మూల తప్పని వాదించడం ఇంకో పొరపాటు. 1805 చట్టం ప్రకారం ప్రభుత్వ సర్వేయరు మొదట గుర్తు పాతిన చోటే మూల, అతని కొలత తప్పినా సరే. అతను మూల దగ్గర కర్ర పాతి, చుట్టూ ఉన్న సాక్షి చెట్ల మీద చెక్కి, ఏ జాతి చెట్టు, ఎంత లావు, ఏ దిక్కున ఎన్ని లింకుల దూరం అని తన పుస్తకంలో రాశాడు. తగాదా వస్తే లైసెన్సు ఉన్న సర్వేయరు మొదట తెరిచేది ఆ పుస్తకమే.

తూర్పు ఒహాయోలో మరో చిక్కు ఉంది. 1785 భూమి చట్టం కింద మొదట కొలిచిన ‘ఏడు రేంజుల’లో నంబర్లు ఆగ్నేయ మూలలో మొదలై నిలువుగా పైకి వెళ్తాయి. ఒక నిలువు వరస అయ్యాక మళ్లీ కింది నుంచి మొదలు. పైన చెప్పిన మడక సాలు పద్ధతి 1796 చట్టంతో వచ్చింది. పాత లెక్కలో 16 అన్న గడి కొత్త లెక్కలో 15.

తొలి పట్టా వెతకడం

ప్రభుత్వం నుంచి మొదట కొన్నవారికి ఇచ్చిన పట్టాని ‘పేటెంట్’ అంటారు. బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ వారి జనరల్ ల్యాండ్ ఆఫీస్ రికార్డుల సైటులో ఇవి ఉచితంగా దొరుకుతాయి. రాష్ట్రం, రేఖాంశం, టౌన్‌షిప్, రేంజి, సెక్షన్ వరసగా ఇచ్చి వెతకండి. ఎకరాలు, చట్టం తేదీ చూస్తే ఏ రోజుల అమ్మకమో తెలుస్తుంది. 1785లో కనీసం 640 ఎకరాలు, ఎకరం డాలరు. 1796లో అదే 640, ఎకరం 2 డాలర్లు, అంటే 1,280 డాలర్లు. మామూలు రైతుకి అందే మాట కాదది. 1800లో కనీసం 320 ఎకరాలకు దించి నాలుగేళ్ల అప్పు ఇచ్చారు, 1804లో 160 చేశారు. అప్పులు పేరుకుపోయి 1819 మాంద్యంలో జనం కట్టలేకపోయారు. 1820 ఏప్రిల్ 24 చట్టం అప్పు తీసేసి, 80 ఎకరాలు, ఎకరం డాలరుంపావు అంది. వంద డాలర్ల నగదుంటే పొలం వచ్చేది. 1832లో 40 ఎకరాలు, 50 డాలర్లు. మన ఉదాహరణలోని 40 ఎకరాల ముక్క ఆ కాలపు కొలత.

పట్టా తేదీని ఊరు పుట్టిన తేదీ అనుకోకండి. కొన్నది ల్యాండాఫీసులో, పట్టా వచ్చేది వాషింగ్టన్ నుంచి, ఆలస్యంగా. చికాగో ల్యాండాఫీసు తెరిచింది 1835లో, నేపర్‌విల్‌లో తెల్లవాళ్లు ఇళ్లు కట్టింది 1831లో.

16వ సెక్షన్‌కి ఫెడరల్ పట్టా దొరక్కపోతే రికార్డు పోయిందని కంగారు పడొద్దు. 1785 చట్టం ప్రతి టౌన్‌షిప్‌లోనూ ఆ గడిని బడి కోసం పక్కన పెట్టింది. అది ఇల్లినాయిస్ చేతికి వచ్చి, అక్కడి నుంచే అమ్ముడుపోయింది. దాని కాగితాలు రాష్ట్రం దగ్గరా కౌంటీ దగ్గరా వెతకాలి.

రాష్ట్రం ఎలా వచ్చిందో చూడాలంటే

1787 వాయవ్య శాసనం ఒహాయో నదికి ఉత్తరాన మూడు నుంచి ఐదు రాష్ట్రాలు రావాలంది. బానిసత్వం ఉండకూడదంది. 5,000 మంది స్వేచ్ఛ గల వయోజన పురుషులుంటే సొంత శాసనసభ, 60,000 మంది స్వేచ్ఛ గల జనాభా ఉంటే పాత రాష్ట్రాలతో సమాన హోదా. తర్వాత చేరిన రాష్ట్రాలకు ఇదే బాట అయింది. కాలనీలను శాశ్వతంగా కాలనీలుగా ఉంచని ఏర్పాటు ఇది, ఆ రోజుల్లో పెద్ద మాట. ఒహాయో 1803లో, ఇండియానా 1816లో, ఇల్లినాయిస్ 1818లో చేరాయి.

శాసనం ప్రకారం ఇల్లినాయిస్ ఉత్తర హద్దు మిషిగన్ సరస్సు దక్షిణపు కొన మీదుగా, సుమారు 41 డిగ్రీల 37 నిమిషాల దగ్గర ఉండాలి. ఇక మీ టౌన్‌షిప్ లెక్క కట్టండి. 222 మైళ్లని డిగ్రీకి 69 మైళ్ల చొప్పున భాగిస్తే 3 డిగ్రీల 13 నిమిషాలు. దాన్ని 38 డిగ్రీల 28 నిమిషాలకు కలిపితే 41 డిగ్రీల 41 నిమిషాలు. అంటే ఈ టౌన్‌షిప్ మొత్తం విస్కాన్సిన్‌లో ఉండాల్సింది, చికాగో కూడా. ఇల్లినాయిస్ ప్రతినిధి నథానియెల్ పోప్ 1818లో కాంగ్రెస్‌ని ఒప్పించి హద్దుని 42 డిగ్రీల 30 నిమిషాలకు, సుమారు 60 మైళ్లు పైకి జరిపించాడు. జనాభా షరతుని కూడా 40,000కి తగ్గించారు.

పట్టాకి ముందు

సర్వే పటం మీద నిలువు, అడ్డం గీతల్ని ఏటవాలుగా కోస్తూ ఒక గీత కనిపిస్తే దాన్ని వదిలేయొద్దు. గళ్లు గీయకముందు ఆ నేల ఎవరిదో చెప్పేది అదే. ఆదివాసుల నేల వారి సమ్మతి లేకుండా తీసుకోరాదని 1787 శాసనమే రాసింది. కానీ దానికి రెండేళ్ల ముందే, 1785 సెప్టెంబరు 30న పెన్సిల్వేనియా హద్దు దగ్గర తొలి గొలుసు లాగిన ప్రభుత్వ సర్వేయరు థామస్ హచిన్స్ బృందం, దాడుల భయంతో నాలుగు మైళ్లు కూడా సాగకుండానే ఆగిపోయింది. ఆ నేల మీది తెగలన్నిటి సమ్మతీ లేదన్నది అక్కడే తేలింది. ఒహాయోలో ఎక్కువ భాగం 1794 ఫాలెన్ టింబర్స్ యుద్ధంలో ఓడిన తెగలు 1795 గ్రీన్‌విల్ ఒప్పందంలో వదులుకున్నదే.

చికాగో చుట్టుపక్కల మీరు చూడాల్సినవి రెండు: 1816 సెయింట్ లూయిస్ ఒప్పందం, 1833 చికాగో ఒప్పందం. మొదటిది చికాగో నది ముఖానికి అటూ ఇటూ 10 మైళ్ల దగ్గర మొదలయ్యే పట్టీని తీసుకుంది. రెండోదానితో పొటవాటమీ, ఒజిబ్వే, ఒడావా ప్రజలు మిగిలిన నేల కూడా వదిలి మిసిసిపీ దాటి వెళ్లాల్సి వచ్చింది. 1816 గీత రెండు వైపులా వేర్వేరు కాలాల్లో కొలిచారు కాబట్టి దాని మీద పడ్డ సెక్షన్లు ముక్కలుగా మిగిలాయి. దస్తావేజులో ‘ఇండియన్ బౌండరీ లైన్‌కు ఉత్తరాన’ అనో ‘దక్షిణాన’ అనో ఉంటే అది అలంకారం కాదు, హద్దు. ఆ మాట లేకుండా సెక్షన్ నంబరు మాత్రమే రాస్తే వర్ణన అసంపూర్ణం, హక్కు కాగితాలు సరిచూసే టైటిల్ కంపెనీ చేత సరిచేయించుకోవాలి. చికాగో ఉత్తరపు కొసన, మిగతా వీధులన్నీ గళ్ల ప్రకారం నడిచే చోట, ఏటవాలుగా పోయే రోజర్స్ అవెన్యూ ఉన్నది ఆ గీత మీదే.